నాలుగో నోటీసు

పాప వాళ్ళమ్మకి,

ఇక్కడ పాపా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉన్నావని నీ ఉత్తరం కింద సంతకం చూసి అనుకున్నాను. ఉభయకుశలోపరి అని రాయబోయాను గాని చెయ్యి రాలేదు.

వారంగా ఫోన్ చేస్తున్నా ఎత్తడం లేదేమని అడిగావు. ఎత్తను. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు. పొద్దస్తమానం పదిమందికి చెప్పే ఉద్యోగం కదా, ఎవరైనా చెప్తే వినే అలవాటు నీకు తప్పిపోయింది. కాగితానికి నువ్వు మధ్యలో అడ్డుపడలేవు. అందుకే రాస్తున్నాను. కోపమొస్తే రానీ, సగంలో మాత్రం చించెయ్యకు. ఈ ఉత్తరంతో నీకు పనుంది.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి మరీ అడిగావు. కట్టుకున్నవాడికి రాసే ఉత్తరంలో కూడా అంకెలు వెయ్యడం నీకే చెల్లింది.

మొదటిది, పాప దగ్గు. తగ్గింది. ఆవిరి పట్టమంటే ముక్కు మూసుకుని పది లెక్కపెట్టి, పట్టేశానంటుంది. బడి ఒంటిపూటే. నిన్నటిదాకా, నేను వచ్చేలోపు మేడ మీద కుట్టుమిషను అత్తయ్య దగ్గర కూర్చునేది. జడలు నేనే వేసేవాణ్ణి. రెండూ రెండు ఎత్తుల్లో వచ్చేవి. అదేమిటంటే, పరవాలేదు నాన్నా, టోపీ పెట్టుకుంటాననేది.

రెండోది, నేను టీకా వేయించుకున్నానా, వేయించుకుంటే ఏ రోజున అని. వేయించుకున్నాను. ఏ రోజన్నది ఎందుకు అడిగావో నాకు తెలుసు. నీ ప్రశ్నలు ఎప్పుడూ అంత అమాయకంగా ఉండవు. దానికి తరవాత వస్తాను.

మూడోది, నాలుగో నోటీసు మా డిపోకి చేరిందా లేదా. అవునో కాదో ఒక్క మాటలో రాయమన్నావు. ఇరవయ్యో తారీకులోపు విచారణాధికారికి నువ్వు సంజాయిషీ ఇచ్చుకోవాలనీ, అది నిలవకపోతే ఉద్యోగం ఉండదనీ రాశావు. ఒక్క మాటలో చెప్పను. నీకు ఒక్క మాట చాలేమో, నాకు చాలదు. ముందు మొదటి మూడు నోటీసుల సంగతి విను.

బస్సులవాళ్ళకి, నీళ్ళ పంపుల దగ్గర పనిచేసేవాళ్ళకి, చెత్త ఎత్తేవాళ్ళకి, సర్కారు జీతం తీసుకునే అందరికీ టీకా ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్న కబురు రాసి పంపడం నీ పని. ఆ కాగితాన్ని ఈ బస్సు డిపోలో బోర్డుకి పెట్టడం టైమ్‌కీపరుగా నా పని. నిన్ను హెడ్డాఫీసుకి మార్చిన రోజున మనం నవ్వుకున్నాం, పెళ్ళాం రాస్తే మొగుడు అంటిస్తాడని. ఆ నవ్వు మూడు వారాలు కూడా నిలవలేదు.

మొదటి నోటీసులో ఏం రాశావు? సోమవారం పదింటికి, పెద్దాసుపత్రి వెనక హాల్లో, డిపో సిబ్బంది అందరికీ అన్నావు. నేనే గాజు తలుపు తాళం తీసి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చాను. డ్యూటీ దిగినవాళ్ళు ఇంటికి పోయి మొహమైనా కడుక్కోకుండా అరవైమంది వెళ్ళి ఎండలో వరస కట్టారు. పన్నెండింటికి ఎవరో తలుపు తీసి టీకా ఇంకా రాలేదని చెప్పి మళ్ళీ వేసుకున్నారు.

రెండో నోటీసులో 'అర్హులైన సిబ్బందికి దశలవారీగా' అని రాశావు. అర్హులంటే ఎవరని వాళ్ళు నన్నడిగారు. నేను నిన్నడిగాను. పైనుంచి ఇంకా స్పష్టత రాలేదన్నావు. అదే మాట నేను నా గది కిటికీలోంచి నూట ఎనభైమందికి చెప్పాను. పెద్ద డ్రైవరున్నాడు కదా, వచ్చే ఏడాది రిటైరయ్యేవాడు, ఆయన కిటికీ మీద మోచెయ్యి ఆనించి నింపాదిగా అన్నాడు:

"స్పష్టత లేనప్పుడు కాగితం ఎందుకు బాబూ? రేపు నేను బ్రేకు వెయ్యాలో వద్దో స్పష్టత రాలేదని చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

దానికి జవాబు నీ దగ్గరుంటే ఇప్పుడైనా రాయి.

మూడోసారి శుక్రవారమన్నావు. నలభైమంది వెళ్ళారు. రద్దయిందన్న కబురు వాళ్ళు బయల్దేరిన గంటకి వచ్చింది. ఆ రోజు నుంచి నాకు డిపోలో కొత్త పేరు పెట్టారు, నోటీసు మొగుడని. నీకు తెలీదు, నేను చెప్పలేదు. ఊరు చుట్టూ తిరిగే బస్సు నడిపే పొడుగు డ్రైవరు, డ్యూటీ చార్టు కోసం వరసలో నిలబడ్డ అందరి ముందూ అడిగాడు:

"ఏం టైమ్‌కీపరూ, ఇంట్లో కూడా ఇంతేనా? ఆవిడ తారీకు ఇస్తుంది, నువ్వు ముస్తాబై కూర్చుంటావు, పన్నెండింటికి రద్దంటుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా లోకువైపోతానని.

ఆ వచ్చిన సోమవారం సాయంత్రం నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? ఇక్కడ జనం ఏమనుకుంటున్నారో చెప్దామనే చేశాను. నువ్వు సగం విని ఏమన్నావో నేను మర్చిపోలేదు. "రాసేది నేను, పైవాళ్ళ చేత తిట్లు తినేది నేను. నాలుగు పిన్నులు గుచ్చడానికి నీకంత బాధేమిటి?" అన్నావు. మీటింగుందని పెట్టేశావు. నువ్వు ఆ రోజు ఎంతమందితో ఎన్ని మాట్లాడావో, ఇది నీకు గుర్తుండదు. పద్నాలుగేళ్ళ కాపురంలో నా పని గురించి నువ్వు ఏమనుకుంటున్నావో ఆ రోజే తెలిసింది.

ఆ గురువారం మధ్యాహ్నం రెండింటికి టీకాల బండి డిపో గేట్లోకి వచ్చింది. ఎవరూ ఎదురుచూడలేదు. బస్సులన్నీ రోడ్ల మీదున్నాయి. పొద్దున డ్యూటీ దిగినవాళ్ళు ఇళ్ళకి పోయారు. గ్యారేజీ మెకానిక్కులు, బస్సులు కడిగే ఇద్దరు ఆడవాళ్ళు, నేను, అంతా కలిపి పదకొండుమందిమి ఉన్నాం. నర్సు బండి దిగి చుట్టూ చూసింది.

"నూట ఎనభైమందికని తెచ్చాం. మనుషులేరండీ? ఎవరికీ చెప్పలేదా?"

మాకు ఏ కాగితమూ రాలేదని ఆవిడకి చెప్పారు. అయిదు దాకా ఆగి, పదకొండుమందికి పొడిచి, మిగిలిన టీకాలన్నీ అదే పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడని అడిగితే, వేరే డిపోలు వరసలో ఉన్నాయి, నెల పైనే పడుతుందంది.

మూడు వారాలకి కంచుకి జబ్బు తగిలింది. లేడీ కండక్టరు, నీకు బాగా తెలుసు. వెనక సీట్లో నిద్రపోతున్నవాడు కూడా ఆవిడ స్టాపు పేరు అరిస్తే ఉలిక్కిపడి దిగిపోయేవాడు, ఆ గొంతు చూసే ఆ పేరు పెట్టారు. పాప చిన్నప్పుడు ఆవిడలా అరిచి మనల్ని మంచం మీంచి దింపేది. కంచు పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంది. అందులో తొమ్మిది రోజులు ఆక్సిజను మీదే. బతికింది. కాని ఆ గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది.

దాంతో డిపో భగ్గుమంది. యూనియన్ సెక్రటరీ అర్జీ రాయించాడు. టీకా బండి వస్తున్నట్టు హెడ్డాఫీసు తెలపలేదు, తెలిపి ఉంటే కంచుకి ఈ గతి పట్టేది కాదు, కబురు పంపాల్సిన ఉద్యోగిని మీద చర్య తీసుకోవాలి అని. నూట నలభై సంతకాలు. నీ మీద వచ్చిన విచారణ ఆ అర్జీ మీదే. ఆ సంతకాల్లో మొదటిది ఎవరిదో నువ్వు చూసే ఉంటావు. కట్టుకున్నవాడే ఎదురు సంతకం పెట్టాడని మీ ఆఫీసులో ఎంతమంది నీ వెనక గుసగుసలాడారో నేను ఊహించగలను. నిజం చెప్పాలా? ఊహించుకుని సంతోషించాను. నీకూ ఒక పేరు పెట్టి ఉంటారులే అనుకున్నాను.

పోయిన బుధవారం కంచు డిపోకి వచ్చింది. బస్సెక్కి నిలబడలేను, టిక్కెట్ల కౌంటర్లో కూర్చునే పని ఇప్పించమని మేనేజరుని అడగడానికి. నా గదికి మూడు మెట్లున్నాయి కదా, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఎక్కింది. కుర్చీ వేశాను. నీళ్ళిచ్చాను. చార్టు కోసం వచ్చినవాళ్ళంతా ఆవిడ చుట్టూ చేరారు. పొడుగు డ్రైవరు నిన్ను తిట్టాడు. గ్యారేజీ మేస్త్రీ తిట్టాడు. మొగుడు పక్కనే ఉన్నాడని కూడా ఎవరూ మొహమాటపడలేదు. కంచు చెయ్యెత్తి వాళ్ళని ఆపి, నా వైపు తిరిగి, మధ్యమధ్య ఆగుతూ అంది:

"మిమ్మల్ని నేను ఏమీ అననండీ. మీకు వచ్చింది వచ్చినట్టు మీరు పెడతారు. మీ ఆవిణ్ణి మాత్రం... నా జన్మలో క్షమించను."

నేనేమన్నానో తెలుసా? "ఆవిడ తీరే అంతండీ" అన్నాను.

అని, చార్టులు సర్దుకున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను. ఆవిడ చూసి, పాపం మీకూ బాధగానే ఉంటుందిలెండి, ఎంతైనా భార్య అంది. ఆ ఓదార్పుని నేను భరించలేకపోయాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. వచ్చింది.

నువ్వు ఫోన్ పెట్టేసిన మర్నాడు, మంగళవారం పొద్దున, మొదటి బస్సులో వచ్చే తపాలా సంచిలో వచ్చింది. సంచి విప్పింది నేనే. కవరు చింపింది నేనే. ఒక్కసారి కాదు, మూడుసార్లు చదివాను. గురువారం రెండు నుంచి అయిదు దాకా బండే డిపోకి వస్తుంది, ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, కాంట్రాక్టు మీద బస్సులు కడిగేవాళ్ళు కూడా రావచ్చు, గుర్తింపు కార్డు ఒక్కటి చాలు అని ఉంది. అర్హులూ దశలూ ఏమీ లేవు. చదువు రానివాడికి చదివి వినిపించినా తెలిసే మాటల్లో రాశావు. బండిని డిపోకే రప్పించడానికి నువ్వు ఎంతమంది బల్లల ముందు నిలబడి ఉంటావో అది చదువుతుంటేనే తెలిసింది. మొదటి మూడిటికీ దీనికీ ఉన్న తేడా నాకు తెలియకపోలేదు. తెలిసే, మడిచి సొరుగులో పడేశాను.

ఇదీ అబద్ధమే అవుతుంది, మళ్ళీ నవ్వులపాలవుతాను, బండి నిజంగా వస్తే అప్పుడే చెప్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నాలుగు పిన్నులు గుచ్చడమే కదా అన్నావు. గుచ్చకపోతే ఏమవుతుందో చూద్దువుగాని అనుకున్నాను. అంతే. అంత చిన్న మాటకి ఇంత పని చేశాను. దీన్ని పెద్దది చేసి చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ వెతికాను, దొరకలేదు.

గురువారం పొద్దున డ్యూటీ దిగి కంచు కిటికీ దగ్గరికొచ్చింది. టిక్కెట్ మిషను అప్పగిస్తూ అడిగింది:

"మీ ఆవిడ దగ్గర్నుంచి ఏమైనా కబురుందా? ఉంటే చెప్పండి, ఇక్కడే రెస్ట్ రూములో పడుంటాను."

"లేదు" అన్నాను. సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది.

బండి వచ్చాక నర్సు అడిగితే, కాగితం రాలేదని చెప్పింది ఎవరో కాదు, నేనే. ఒకసారి అన్నాక ఇక అదే మాట మీద ఉండిపోయాను. అర్జీలోనూ అదే, మేనేజరు ముందూ అదే. నీ రెండో ప్రశ్నకి కూడా జవాబు ఇదిగో. నేను టీకా వేయించుకున్నది ఆ గురువారమే, రెండున్నరకి, ఆ పదకొండుమందిలో మూడోవాడిగా. చొక్కా చెయ్యి పైకి మడిచి నేనే వెళ్ళి కూర్చున్నాను. నర్సు రాసుకున్న జాబితా మీ ఆఫీసుకి వస్తుంది కదా. అందులో నా పేరు చూసే నువ్వు ఏ రోజని అడిగావు. కాగితం రాలేదన్నవాడు సరిగ్గా ఆ వేళకి చెయ్యి చాపుకుని ఎలా ఉన్నాడా అని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నా అంతట నేను చెప్తానేమోనని ఆగావు. ఆ ఆగడానికి కూడా నాకు నీ మీద కోపమే వచ్చింది.

మొన్న గురువారం కంచు ఇంటికి వెళ్ళాను. ఆవిడ గడప దగ్గర పీట మీద కూర్చుని తన యూనిఫారానికి ఊడిన గుండీ కుడుతోంది. కూర్చోమంది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది.

"ఆ రోజు పొద్దున... నేను అడిగాను కదా?"

"అడిగారు."

"లేదన్నారు."

"అన్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మా ఆయన వచ్చే వేళైంది. ఆయన రాకముందే వెళ్ళండి. మీ మీద చెయ్యి చేసుకుంటాడు. అరిచి ఆపడానికి... నాకు గొంతు లేదు."

వచ్చేశాను. సందు మలుపు దాకా వెనక్కి చూడలేదు. వీధి గుమ్మాల్లో జనం ఉన్నారు. అప్పటికి వాళ్ళకింకా ఏమీ తెలీదు. ఒకాయన నన్ను చూసి బాగున్నారా అని కూడా అడిగాడు.

నిన్న పొద్దున బోర్డు తాళం తీసి నాలుగో నోటీసు పెట్టాను. దాని కింద, ఇది ఏ తారీకున నా చేతికి వచ్చిందో, ఇన్నాళ్ళూ ఎక్కడుందో, కంచు అడిగితే నేనేం చెప్పానో నా చేతిరాతతో రాసి, సంతకం చేసి పెట్టాను. పెద్ద డ్రైవరు కళ్ళద్దాలు పెట్టుకుని రెండూ చదివాడు. నా వైపు చూడలేదు. పొడుగు డ్రైవరు కిటికీ ముందుకొచ్చి చార్టు తీసుకోకుండా నిలబడ్డాడు.

"నోటీసు మొగుడు అన్నందుకు చేశావా ఇది?" అన్నాడు.

అవునంటే వాడి నెత్తిన పడుతుంది. "కాదు" అన్నాను. కిటికీ అద్దం మీద ఉమ్మేసి పోయాడు. ఆ అద్దం నేనే తుడిచాను. పదింటికి మేనేజరు పిలిచి సస్పెన్షన్ కాగితం చేతికిచ్చాడు. ఆయన కూడా ఏమీ తిట్టలేదు. డ్యూటీ చార్టులు, బోర్డు తాళం బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను ఆ గేట్లోంచి పట్టపగలు ఇంటికి నడిచి రావడం అదే మొదలు.

ఈ ఉత్తరంతో రెండు కాగితాలు పెడుతున్నాను. ఒకటి మేనేజరుకి నేను రాసిచ్చిన వాంగ్మూలం నకలు, ఆయన ముద్రతో సహా. రెండోది ఆ తపాలా సంచితో వచ్చిన చీటీ, తారీకూ, అందినట్టు నా సంతకమూ ఉన్నది. ఇవి విచారణాధికారికి చూపించు. నాలుగో నోటీసు విషయంలో నీ తప్పేమీ లేదు. నా మాట నమ్మకపోయినా నా సంతకాన్ని నమ్ముతారు.

అలాగని నీ కాళ్ళు పట్టుకుంటున్నానని అనుకోకు. మొదటి మూడు నోటీసులకి నువ్వే జవాబు చెప్పాలి. రాని టీకాకి వచ్చిందని, తెలీని మాటకి తెలిసినట్టు కాగితం వేసి, జనాన్ని ఎండలో నిలబెట్టింది నీ ఆఫీసు. నాలుగోసారి నువ్వు నిజం రాసినా, పెట్టి ఉంటే ఎంతమంది నమ్మేవారో నాకు తెలీదు. కంచు మాత్రం నమ్మేది. రెస్ట్ రూములో పడుంటానంది కదా. అదొక్కటే నేను ఎటు తిప్పి చూసినా తప్పించుకోలేకపోతున్నాను.

నువ్వన్న మాట కూడా నేనింకా క్షమించలేదు. నా తప్పు ఇంత పెద్దదైతే నీది నా కంటికి ఎలా ఆనుతుందని నువ్వు అడగొచ్చు. ఆనడం లేదు. అయినా ఉంది.

పాపకి బడిలో ఎవరో చెప్పేలోపు నేనే చెప్పాలని నిన్న సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. పదేళ్ళ పిల్లకి ఎంత చెప్పాలో తెలియక అంతా చెప్పేశాను. అంతా విన్నాక, "అమ్మని అందరూ తిడుతుంటే నువ్వు ఊరుకున్నావా?" అంది. ఊరుకోలేదమ్మా, నేనూ ఒక మాట అన్నాను అని చెప్పాను. కంచం తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి తింది. ఇవాళ పొద్దున జడలు నన్ను వెయ్యనివ్వలేదు. దువ్వెన పట్టుకుని మేడ మీదికి పోయింది.

అది నాతో మాట్లాడటం లేదు. నీతో మాట్లాడాలని ఉన్నట్టుంది గాని, నా ముందు మాట్లాడదు. రోజూ సాయంత్రం ఆరింటికి నా ఫోను దాని చేతికిచ్చి నేను బయటికి వెళ్తాను. ఏడు దాటేదాకా ఇంట్లోకి రాను. అప్పుడు చెయ్యి. నువ్వు ఏం చెప్పినా నాతో చెప్పక్కర్లేదని దానికి ముందే చెప్పాను.

ఇట్లు,
పాప తండ్రి